అటక మీది తొంభై ఎనిమిది

2025 అక్టోబరు 14తో విండోస్ 10 కథ అయిపోయింది కదా. ఇక మామూలు అప్‌డేట్లు రావంట, నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది సెక్యూరిటీవి మాత్రం ఇస్తారంట, లేదంటే పదకొండుకి వెళ్ళిపోమంట. నా సిస్టమ్ ఇంటెల్ ఆరో జనరేషన్‌ది, పదకొండేమో ఎనిమిదో జనరేషన్ నించే ఒప్పుకుంటుంది, పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలంటుంది. ద్వారకానగర్‌లో షాపుకి మోసుకెళ్తే ఆ కుర్రాడు మూత కూడా తియ్యకుండా "అంకుల్, దీన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. బానే నడుస్తోంది కదా బాబూ అన్నాను. "నడుస్తుంది అంకుల్, కానీ అయిపోయింది" అన్నాడు, పెద్దాసుపత్రి డాక్టరు వరండాలోకొచ్చి చెప్పినట్టు.

సరే, ఎలాగూ పాతవి తీసేస్తున్నాం కదా అని ఇంటికొచ్చి అటకెక్కాను. ఇత్తడి బిందెల వెనకాల గోనెసంచిలో చుట్టి తాడుతో కట్టిన కేబినెట్ ఒకటి ఉంది. ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు ముసలాళ్ళ పళ్ళ రంగు. స్క్రూలు తుప్పు పట్టి స్క్రూడ్రైవరుకి దొరకట్లేదు, మన వైజాగ్ గాలికి గేటైనా సైకిలైనా కంప్యూటరైనా ఒకటే లెక్క కదా, కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పి రేకు లాగాను. లాగగానే గుప్పున వాసన. ఉప్పు తుప్పు, ఎప్పుడో వేడెక్కి చల్లారిన దుమ్ము, వాటి మీద కలరా ఉండలు. సీపీయూలో బొద్దింకలు గుడ్లు పెడతాయని మా గురువుగారు కలరా ఉండల్ని చిన్న గుడ్డ మూట కట్టి ఫ్యానుకి తగలకుండా ఒక మూల వేలాడదీసేవారు. మూట ఇంకా అక్కడే ఉంది, లోపల ఉండల్లేవు, ఎప్పుడో హరించుకుపోయాయి, వాసనొక్కటే మిగిలింది.

అటక నిచ్చెన మీదే కూచుండిపోయాను. ఎంతసేపో తెలీదు, మా ఆవిడ వచ్చి "పడిపోయారేమో అనుకున్నాను, చప్పుడు లేదు" అనేదాకా.

*

నేను కంప్యూటరు మొట్టమొదట ముట్టుకుంది ద్వారకానగర్‌లో మేడ మీద ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. డిగ్రీ సబ్జెక్టులు తప్పి ఖాళీగా తిరుగుతుంటే మా మేనమామ ఫీజు కట్టాడు. మెట్ల దగ్గరే చెప్పులు విప్పెయ్యాలి. దుమ్ము పడకుండా అని సారు చెప్పేవారు కానీ, వైరస్ లోపలికి రాకుండా అని మా బ్యాచ్‌లో ఒకడు గట్టిగా నమ్మేవాడు. ఎండలో ఆర్టీసీ కాంప్లెక్స్ నించి నడిచొచ్చి ఆ ఏసీ గదిలో వట్టి కాళ్ళతో నిలబడితే ప్రాణం లేచొచ్చేది, సగం మంది కోర్సులో చేరింది దానికోసమే అనుకుంటా. నాలుగు మిషన్లకి పన్నెండు మందిమి. ఒకడికి కీబోర్డు, ఒకడికి మౌసు, మూడోవాడికి నోటుబుక్కు. నాకెప్పుడూ నోటుబుక్కే.

అప్పుడు తెరంటే నల్ల తెరే, డాస్ అని, బొమ్మల్లేకుండా మాటలు కొట్టి పని చేయించుకునేది. దాంట్లో విన్ అని కొట్టి ఎంటర్ నొక్కితే విండోస్ 3.1 లేచేది. అంటే అప్పటికి విండోస్‌కి సొంతిల్లు లేదు, డాస్ ఇంట్లో ముందు వాటా అద్దెకి తీసుకున్నట్టు ఉండేది. స్టార్ట్ లేదు, కింద పట్టీ లేదు. ప్రోగ్రామ్ మేనేజర్ అని ఒక పెద్ద కిటికీ, దాంట్లో చిన్న చిన్న కిటికీలు, అన్నీ మూసేస్తే మళ్ళీ నల్ల తెరే. మౌసు పట్టుకోవడం రావాలని సారు సాలిటైర్ ఆడించేవారు. ఇంట్లో ఆ మాట చెప్తే మా అమ్మ "పేకాట నేర్చుకోడానికా మావయ్య చేత డబ్బులు కట్టించుకున్నావు" అని రెండ్రోజులు మాట్లాడలేదు. నిజానికి ఆ ఆట 1990లో 3.0తో పెట్టిందే జనానికి మౌసుతో పట్టి లాగి వదలడం అలవాటవ్వాలని. ఆ ముక్కల మీద బొమ్మలు గీసింది సూసన్ కేర్, అంతకుముందు మాకింటాష్ ఐకాన్లు గీసినావిడే. ఇదంతా అప్పుడు తెలిసుంటే అమ్మకి చెప్పేవాణ్ణి, నమ్మేది కాదులెండి.

*

ఉద్యోగం అంటూ దొరికింది డాబాగార్డెన్స్ నించి అల్లిపురం వైపు దిగే సందులో ఒక డీటీపీ సెంటర్‌లో. శుభలేఖలు, బిల్లు బుక్కులు, షాపు ఓపెనింగ్ పాంప్లెట్లు, పెద్దకర్మ కార్డులు. ఓనరుగారిని అందరూ గురువుగారూ అనేవారు, నేనూ అదే. ఆయన అంతకుముందు ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు గళ్ళలోంచి ఒక్కోటీ ఏరి పేర్చిన చెయ్యి, ఏ ఒత్తు ఏ గడిలో ఉందో చూడకుండా తీసేవారంట. కంప్యూటరు కొన్నాక ప్రెస్సు సామానంతా తూకానికి అమ్మేశారు కానీ అగ్గిపెట్టెలో నాలుగు అక్షరాలు దాచుకున్నారు. ఒక శ్రీ, ఒక క్ష, ఇంకో రెండు. పని లేనప్పుడు అరచేతిలో వేసుకుని కదిపేవారు, గవ్వల్లాగా చప్పుడు.

నేను చేరేసరికి షాపులో విండోస్ 95 ఉంది. 1995 ఆగస్టు 24న అక్కడ రిలీజయితే మా సందుకి దిగడానికి ఏడాది పైనే పట్టింది. 8 ఎంబీ ర్యామ్, అది చెప్తే ఇప్పుడు మా అబ్బాయి ఫొటో సైజు అనుకుంటాడు. 95 మొదలయ్యేటప్పుడు వచ్చే ఆ సంగీతం గురించి ఇప్పుడు అందరూ తెగ తల్చుకుంటారు, బ్రయాన్ ఈనో చేశాడని, ఆరు సెకన్లే ఉంటుందని. నేనది విననే లేదండి. మా మిషన్‌కి సౌండు కార్డు లేదు, శుభలేఖలకి సౌండెందుకు అన్నారు గురువుగారు. ఆ ట్యూను మొదటిసారి విన్నది ఇరవై ఏళ్ళ తర్వాత యూట్యూబులో, వింటే ఏమీ గుర్తు రాలేదు. నా 95 చప్పుళ్ళు వేరు. ఆన్ చెయ్యగానే ఒక బీప్, ఫ్లాపీ డ్రైవు గర్రుమని గొంతు సవరించుకోవడం, హార్డ్ డిస్కు లోపల ఎవరో మినప్పప్పు చెరుగుతున్నట్టు గరగర, బయట సందులో సోడా బండి గోలీ చప్పుడు. కరెంటు పోగానే యూపీఎస్ కీచుమనేది. బ్యాటరీ ముసలిది, అయిదు నిమిషాలు ఆగితే గొప్ప. అందుకని గురువుగారు పక్కనించి వెళ్ళినప్పుడల్లా నా కుర్చీ కోడు తన్ని "సేవ్ కొట్టేవేట్రా?" అనేవారు. లైను కొడితే కంట్రోల్ ఎస్, ఇంటిపేరు కొడితే కంట్రోల్ ఎస్. ఆ తన్ను భయానికి నా ఎడం చెయ్యి దానంతటదే కొట్టడం నేర్చుకుంది. ఇప్పటికీ బ్యాంకు ఫారం నింపుతున్నా వేళ్ళు కదుల్తాయి.

95 వల్ల మాకు జరిగిన నిజమైన మేలు స్టార్ట్ బటన్ కాదు, ఫైలు పేర్లు. అంతకుముందు డాస్‌లో ఎనిమిది అక్షరాల్లో పెళ్ళంతా ఇరికించాలి. మాఘమాసంలో యాభై పెళ్ళిళ్ళుంటే అన్నిటికీ ఎనిమిదేసి అక్షరాల్లో పేర్లెక్కణ్ణించి తెస్తాం? 95 వచ్చాక గురువుగారికి పట్టపగ్గాల్లేవు. "అనకాపల్లి బెల్లం వ్యాపారి గారి రెండో అమ్మాయి పెళ్ళి మూడో కరెక్షన్ ఇదే ఫైనల్" అని ఇంగ్లీషు అక్షరాల్లో పూర్తిగా కొట్టించేవారు. కానీ అదే ఫ్లాపీని పాత డాస్ మిషనున్న ఇంకో సెంటర్‌కి పట్టుకెళ్తే మొదటి ఆరు అక్షరాలు, తర్వాత పాములాంటి గీత, తర్వాత నంబరు, అంతే. అనకాపల్లి పెళ్ళిళ్ళన్నీ ఒకటే పేరు, ఒకటి, రెండు, మూడు. ఒకసారి అలాగే ఒకరి కార్డులో ఇంకొకరి ముహూర్తం వెళ్ళిపోయింది. రెండొందల కార్డులు మళ్ళీ మా ఖర్చుతోనే కొట్టాం.

ఇంకోటి, అప్పటి తెలుగు అసలు తెలుగు కాదు. తెర మీద అ కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమే, దాని మీద ఫాంటు అనే తెలుగు ముసుగు. ముసుగు లేని మిషన్‌లో తెరిస్తే గుట్టు బయటపడిపోయేది. ఒకాయన మా దగ్గర పెద్దకర్మ కార్డు చేయించుకుని ఫ్లాపీలో వేసుకెళ్ళి, గంటలో మండిపడుతూ తిరిగొచ్చాడు. "మా నాయిన పేరు రాయమంటే ఇదేటి బాబూ, ఇంగ్లీసులో తిట్లు రాసేరు?" గురువుగారు ఆయన్ని కూచోబెట్టి మజ్జిగ తెప్పించి మా మిషన్‌లో తెరిచి చూపించారు. తండ్రి పేరు చక్కగా కనపడేసరికి ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. ఆయన వెళ్ళాక గురువుగారు సొరుగు తీసి అగ్గిపెట్టె కదుపుతూ "సీసం అయితే ఏ ఊరెళ్ళినా అదే అక్షరంరా" అన్నారు.

*

98 ఎక్కించిన రోజు ఆదివారం. అప్పటికి మదర్‌బోర్డు మార్చి పెంటియం వేయించాం, కేబినెట్ మాత్రం పాతదే. ఎడం పక్కన ఇంకా ఇన్ని నిమిషాలు అని చూపిస్తుంది, అది చెప్పే నిమిషాలకీ గోడ గడియారం నిమిషాలకీ సంబంధం ఉండదు, మూడు టీలు తాగాం. 98లో యూఎస్‌బీ సరిగ్గా పన్చేస్తుందని పేరు. తర్వాత పెన్ డ్రైవులొచ్చినప్పుడు చూస్తే ఒక్కోదానికీ దాని డ్రైవరు సీడీ వేస్తేగానీ పలికేది కాదు. ఇక విండోస్ కుప్పకూలితే వచ్చే నీలం తెర. రిలీజుకి ముందు 1998 ఏప్రిల్లో బిల్ గేట్స్ స్టేజీ మీద ఉండగానే స్కానరు తగిలిస్తే అంత పెద్ద తెర నీలమైపోయింది, అందుకే ఇంకా మార్కెట్లోకి వదల్లేదని ఆయన నవ్వేశాడు. ఆ సంగతి పేపర్లో చదివి మేం ఎంత సంతోషించామో. మా స్కానరు పెడితే కూడా సరిగ్గా అంతే, అది స్కానరు తప్పో సందులో వోల్టేజీ తప్పో ఎప్పటికీ తేలలేదు. గురువుగారయితే ఆ ముక్క కత్తిరించి మానిటర్ పక్కన అంటించారు.

95కీ 98కీ ఒక విచిత్రమైన జబ్బు ఉండేదంట. ఆపకుండా 49.7 రోజులు నడిపితే బిగుసుకుపోతాయి, మిల్లీసెకన్లు లెక్కపెట్టే మీటరు నిండిపోయి. చాలా ఏళ్ళదాకా ఎవరూ కనిపెట్టలేదంటే ఆశ్చర్యమేముంది, ఏ విండోస్ అన్నాళ్ళు నిలబడింది కనుక. మా సందులో కరెంటుకి 49 గంటలు ఆగకుండా ఉండటమే పండగ. కరెంటు పోయొస్తే స్కాన్‌డిస్క్ మొదలయ్యేది, సరిగ్గా ఆపలేదు కాబట్టి డిస్కులో తప్పులు వెతుకుతున్నానని. తప్పు మాదే అన్నట్టు మాట్లాడేది అది, నాకు ఒళ్ళు మండేది.

డిస్కులో చెల్లాచెదురైన ఫైళ్ళని సర్దిపెట్టే డీఫ్రాగ్ మాత్రం నాకు భలే ఇష్టం. నెలకోసారి శనివారం సాయంత్రం పెట్టేవాళ్ళం. రంగురంగుల చిన్న గళ్ళు ఒకచోట మాయమై ఇంకోచోట పేర్చుకుంటూ పోతాయి. గురువుగారు కుర్చీ లాక్కుని గంటసేపు చూసేవారు. "కంపోజింగ్ అయ్యాక అక్షరాలు మళ్ళీ గళ్ళల్లోకి పంచుకున్నట్టుందిరా" అనేవారు, అదే ఆయనకి బీచికెళ్ళినంత.

మిలీనియం ఎడిషన్ గురించి చెప్పడానికేం లేదు, వేశాం, నెలలో తీసేశాం. 2000 ఉంది చూశారూ, నన్నడిగితే అన్నిట్లోకీ అదే పెద్దమనిషి. ఆఫీసుల కోసం చేసిన విండోస్ ఎన్టీ పునాది మీద కట్టింది, ఒక ప్రోగ్రాము చచ్చిపోతే మిగతావాటిని తీసుకుపోదు. కానీ మా తెలుగు సాఫ్ట్‌వేరుకి దొంగ కాపీలు నడవకుండా వెనకాల ప్రింటరు పోర్టుకి తగిలించే హార్డ్‌లాక్ ఉండేది, అది 2000లో పలకలేదు. కొత్త లాకు కొనాలంటే ఓ మోటారుసైకిలు అడ్వాన్సంత అవుద్ది. దాంతో గురువుగారు తీర్మానం చేసేశారు, ఆ మిషన్‌లో 98 ఎవరూ కదపకూడదని.

*

ఎక్స్‌పీ వచ్చాక రెండో మిషను కొన్నాం. 2001 అక్టోబరులో వచ్చిందది, మా దగ్గరికి ఎప్పట్లాగే తీరిగ్గా. దాని తెర మీద వచ్చే ఆ పచ్చ కొండ, నీలం ఆకాశం బొమ్మ చూసి శుభలేఖలకొచ్చిన వాళ్ళందరూ ఒకటే ప్రశ్న, "అరకా అండి?" మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, కాలిఫోర్నియాలో సొనోమా దగ్గర చార్ల్స్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో దారిలో ఆగి తీశాడని, రంగులు కలపలేదని ఆయనే చెప్పాడని. తర్వాత విసుగొచ్చి అవునండి అరకే, అనంతగిరి దాటాక అనేవాణ్ణి. ఒకాయన అయితే ఆ చోటు తనకి తెలుసన్నాడు.

ఎక్స్‌పీలో నాకు మర్చిపోలేని రాత్రి ఒకటుంది. కంట్రోల్ ప్యానెల్లో భాషల దగ్గర ఒక టిక్కు ఉండేది, క్లిష్టమైన లిపులకి సపోర్టు అని. అది పెడితే సీడీ అడుగుతుంది, వేస్తే ఏవో ఫైళ్ళు లాక్కుని రీస్టార్ట్ అంటుంది. ఎవరో చెప్తే పెట్టి చూశాను. తిరిగొచ్చాక డెస్క్‌టాప్ మీద ఫోల్డరుకి పేరు మార్చి తెలుగు కీబోర్డుతో ప ఎ ళ అంటూ తడుముకుంటూ కొట్టాను. పెళ్ళి. ముసుగు కాదు, లోపలా బయటా తెలుగే. ఫోల్డరు పేరు తెలుగులో! షట్టరు సగం దించేసిన షాపులో ఒక్కణ్ణే, లేచి నిలబడ్డాను. ఫాంటు పేరు గౌతమి, మన గోదారి పేరే.

పొద్దున్నే గురువుగారికి చూపించాను. కళ్ళజోడు పైకి తోసి దగ్గరికొచ్చి చూశారు. "అక్షరం సన్నంగా ఉంది, ఒత్తు నలిగిపోయింది, దీంతో కార్డు కొడితే పెళ్ళివారు డబ్బులివ్వరు" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే, పైగా మేం కార్డులు కూర్చే పేజ్‌మేకర్‌కి ఈ ముసుగు లేని తెలుగు, యూనికోడ్ అంటారు, ఎక్కదు. పన్లన్నీ మళ్ళీ పాత ముసుగు ఫాంట్లతో 98 మీదే. కానీ మధ్యాహ్నం టీకెళ్ళి వచ్చేసరికి ఆయన ఆ ఫోల్డరు పేరు తుడిచేసి ఒంటి వేలితో వాళ్ళ నాన్న పేరు కొట్టుకుంటున్నారు.

అదే రోజుల్లో వాళ్ళబ్బాయి మద్దిలపాలెంలో నెట్ సెంటర్ పెట్టాడు, ప్లైవుడ్ క్యాబిన్లు, గంటకి ఇరవై. 2003 ఆగస్టులో ఒక సాయంత్రం ఫోను, "అన్నా తొందరగా రా, అన్నీ అరవై, యాభై తొమ్మిది అని లెక్కపెట్టుకుంటూ ఆగిపోతున్నాయి". బ్లాస్టర్ పురుగు, నెట్ మీద పాకే వైరస్ లాంటిది. దాని మందు నెల ముందే వచ్చింది కానీ మనం వేసుకున్న పాపాన పోతేగా. ఆ అరవై సెకన్లలో రన్‌లోకెళ్ళి షట్‌డౌన్ మైనస్ ఏ అని కొడితే లెక్క ఆగుతుంది. ఎనిమిది సిస్టములు, నేనూ వాడూ క్యాబిన్ నించి క్యాబిన్‌కి పరిగెత్తుతుంటే ఇంజనీరింగ్ పిల్లలు మెయిల్ మధ్యలో ఉందని గోల. మరుసటేడు సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్ ముందే ఆన్ చేసి ఇచ్చారు, అప్పటికి మేం ముదిరిపోయాం.

*

విస్టా మా షాపులోకి రాలేదు. 7 వచ్చింది, దాన్ని తిట్టినవాణ్ణి నేను చూళ్ళేదు. 8 వచ్చినప్పుడు మాత్రం గురువుగారు నిజంగా బెంగపడ్డారు. మూల మీదికి మౌసు తీసుకెళ్తారు, అక్కడ స్టార్ట్ ఉండదు. "ఏట్రా, కుళాయి పీకేసి గోడ తడుముకోమంటున్నాడు?" ఏడాదికి 8.1లో బటన్ తిరిగొచ్చింది, నొక్కితే మళ్ళీ తెరంతా పరుచుకునే 8 పలకలే, పాత మెనూ కోసం 10 దాకా ఆగాల్సొచ్చింది. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ పెద్దయ్యాడని పేపర్లో చూసి, "మనోడే కదా, ఓ ఉత్తరం ముక్క రాద్దునా" అని రెండ్రోజులు ఆలోచించారు, స్టార్ట్ గురించి.

ఆ ఏడాదే ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్టు ఆపేశారు, అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ గాలి చప్పుడు వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్నాడు చెట్ల మీదనించి ఎక్కి దిగుతూ షాపుకెళ్తే షట్టరు వంగిపోయింది, వెనక రేకులు లేవు, మిషన్లు మూడూ నీళ్ళల్లో. 7 ఉన్నది పోయింది, ఎక్స్‌పీది పోయింది. ఈ 98దాన్ని విప్పి మంచినీళ్ళు దొరక్కపోయినా రెండు బాటిళ్ళు ఖర్చుపెట్టి ఉప్పు కడిగి, గురువుగారింటి డాబా మీద అప్పడాలతో పాటు ఎండబెట్టాం. కరెంటొచ్చేసరికి వారం దాటింది. మర్నాడు స్విచ్చి నొక్కితే బీప్. తర్వాత నీలం తెర మీద స్కాన్‌డిస్క్, సరిగ్గా ఆపలేదు అని. గురువుగారు పడీ పడీ నవ్వారు, "నిజమేరా నాయనా, సరిగ్గా ఆపలేదు".

కరోనాకి ముందే ఆయన పోయారు. పెద్దకర్మ కార్డు నేనే చేశాను, ఈ మిషన్ మీదే, ఆయన మెచ్చే ఫాంటుతోనే. షాపు ఖాళీ చేసినప్పుడు వాళ్ళబ్బాయి ఏం కావాలన్నా అన్నాడు. దీన్ని తెచ్చుకున్నాను. అగ్గిపెట్టె అడుగుదామనుకుని అడగలేదు.

*

ఇక నిన్న రాత్రి. కేబినెట్‌లో దుమ్ము బ్రష్షుతో దులిపి, లావు పిన్ను కీబోర్డు కూడా అటక మీదే దొరికితే అది తగిలించి, ఇప్పటి మానిటర్‌కి అదృష్టవశాత్తూ పాత వీజీఏ సాకెట్టు ఉంటే పెట్టి, చెప్పులు గుమ్మం బయటే వదిలి (నవ్వకండి) స్విచ్చి నొక్కాను. బీప్. బ్యాటరీ చచ్చిపోయి తారీకు ఎక్కడికో వెళ్ళిపోయింది, అయినా మబ్బుల బొమ్మ వచ్చింది, 98. మినప్పప్పు చెరుగుతోంది. ఎఫ్ నొక్కి ఎంటర్ కొట్టి ఆయన పొడుగు పేర్ల ఫైళ్ళ జాబితాలో కిందికి వెళ్తుంటే మా పెళ్ళిది కనపడింది. "మనోడి పెళ్ళి ఫైనల్ కాదు ఆగు". తెరిచాను. శ్రీరస్తు, శుభమస్తు, అన్ని ఒత్తులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా మావగారి ఇంటిపేరులో ఒక పొల్లు తప్పుంది, అదే ఆపించారు కాబోలు. కర్సరు దాని పక్కన పెట్టి దిద్దాను.

అప్పుడు వెనకాల టప్పుమంది. కాలిన వాసన, ఇల్లంతా చీకటి.

"ఏం చేశారండీ?" అంది మా ఆవిడ లోపల్నించి. ఏం లేదు, మెయిన్ పడిపోయింది అన్నాను. చీకట్లో నా ఎడం చెయ్యి కీబోర్డు మీదే ఉంది, చిటికెన వేలు కంట్రోల్ మీద, నడిమి వేలు ఎస్ మీద. టప్పుమనకముందు కొట్టానో తర్వాత కొట్టానో గుర్తు రావట్లేదు. రేపు ద్వారకానగర్ వెళ్ళి ఆ కుర్రాణ్ణే అడగాలి, పాత ఏటీ పవర్ సప్లై ఎవరి దగ్గరైనా ఉంటుందేమో.